బదులు ఎలుకలు

రెండువేల ఎనభై ఒకటో సంవత్సరం వచ్చేసరికి పెళ్ళిచూపుల్లో కాఫీ కన్నా ముందు చక్కెర చీటీలు చేతులు మారుతున్నాయి. అమ్మాయి మూడు నెలల సగటూ అబ్బాయి మూడు నెలల సగటూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే మిగతా మాటలన్నీ. అప్పటికి రెండిళ్ళకొక ఇంట్లో మధుమేహం కాపురం పెట్టింది. పెట్టి ఊరుకుందా అంటే అదీ లేదు. మగవాళ్ళ బీజకణాల్ని మట్టుబెట్టింది, ఆడవాళ్ళ కడుపు నిలవనివ్వలేదు. కడప జిల్లాలో ఆ ఏడాది ఒకటో తరగతిలో చేరే పిల్లలు లేక మూతబడిన బళ్ళు నూట పద్నాలుగు. చక్కెరను దించే మందులు కావలసినన్ని ఉన్నాయి. చక్కెర ఉన్న తల్లి కడుపును తొమ్మిది నెలలూ కాపాడే మందు మాత్రం ఎవరి దగ్గరా లేదు.

ఆ మందు కోసమే పాలకొండల పాదాన ఒక వనమూలికల పరిశోధనాలయం వెలిసింది. నాలుగంతస్తుల భవనం, రెండు వందల మంది సిబ్బంది, వెనక ఇరవై ఎకరాల మూలికల తోట. మందులను ఎలుకల మీద పరీక్షించే ఆ భవనంలో ఎలుక మాత్రం ఒక్కటి కూడా లేదు. గేటు పక్కన నల్లరాతి మీద 'ఇక్కడ ఏ ప్రాణికీ హాని జరగదు' అని చెక్కించారు. అక్కడి ముఖ్య శాస్త్రవేత్త డాక్టర్ భాగీరథి పదిహేడేళ్ళుగా ఆ రాయిని చూసి లోలోపల మురిసిపోతూ లోపలికి నడిచేది. అరవై ఒకటో ఏడు నడుస్తున్న మనిషి, ముక్కు మీద కోపం. ఆ రాయి ముందు మాత్రం ఆ కోపం కాస్త చల్లబడేది.

ఎలుకలు లేకుండా ఎలుకల మీద పరీక్ష ఎలా సాధ్యమంటే, ఛాయామూషికం వల్ల. రెండువేల అరవై నాలుగులో జంతువుల మీద ప్రయోగాలను చట్టం పూర్తిగా నిషేధించింది. అప్పుడు పుట్టిందీ నీడ ఎలుక. బొమ్మ కాదది. కాలేయం, క్లోమం, అండాశయం, వాటి మధ్య పరుగెత్తే హార్మోన్లు, ప్రతి కణానికీ ఒక గణితం రాసి కంప్యూటర్లో బతికించిన ఎలుక. దానికి ఆకలేస్తుంది, చక్కెర పెరుగుతుంది, చూలు నిలుస్తుంది. ఆకును ఎండబెట్టి, పొడికొట్టి, ఆల్కహాల్లో మరిగించి తీసిన సారాన్ని సారదర్శిని అనే పరికరంలో పోస్తే అందులోని అణువులన్నిటినీ అది చదివి నీడ ఎలుకలకు తాగిస్తుంది. మూడు వారాల గర్భం నలభై నిమిషాల్లో ముగుస్తుంది. ఈ ఎలుకలన్నిటినీ నడిపే యంత్రం పేరు ఛాయ. ఎలుకలు ఎలా బతుకుతాయో కణజాలాల కొలతల నుంచి నేర్చుకుంది. ప్రయోగం ఎలా చేయాలో మాత్రం నిషేధానికి ముందు దేశమంతటా శాస్త్రవేత్తలు చేతిరాతతో నింపిన నోటుపుస్తకాలు చదివి నేర్చుకుంది. ఆ రెండో చదువులోనే అసలు పీడంతా దాగి ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ బుధవారం పొద్దున భాగీరథి క్యాంటీన్లో రాగిసంగటి ముందు కూర్చుంది. వంట చేసే ఓబులమ్మ గిన్నె పెట్టి వెళ్ళకుండా బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ముప్పై ఏళ్ళ మనిషి. పెళ్ళయి తొమ్మిదేళ్ళలో మూడు కడుపులు పోయాయి. ఇప్పుడు నాలుగోది.

"మేడం, ఒగ మాట జెప్పాల," అంది. "నిన్న పొద్దున్నుంచి పొత్తికడుపు బరువుగా ఉండాది. నడుము లాగుతాండాది. పోయిన మూడు తూర్లూ ఇట్లనే మొదలాయ."

భాగీరథి చేయి గిన్నెలోనే ఆగిపోయింది. "ఎన్నో నెల నీకిప్పుడు?"

"ఐదు నిండి పదకొండు దినాలు. ఇంత దూరం ఎప్పుడూ రాలే మేడం. ఈతూరి నిలబడుతాదనుకుంటి."

"ట్రయల్ డాక్టరుకు చెప్పినావా?"

"జెప్తి. యంత్రాన్ని అడిగినాడంట. అంతా సరిగ్గా ఉండాది, బిళ్ళ ఆపే పన్లేదని జెప్పిందంట." ఓబులమ్మ ఎడమ జబ్బ తడుముకుంది. అక్కడ చర్మం కింద రాగిపత్రి సారం నింపిన చిన్న బిళ్ళ ఉంది, అది పనిచేస్తున్నట్టు చర్మంలోంచి ఒక చిన్న దీపం కనిపిస్తోంది. రోజుకు మూడుసార్లు దానంతటదే మందు వదులుతుంది. పీకడానికి వీల్లేదు, పీకితే నెలకు సరిపడా మందు ఒక్కసారిగా రక్తంలో కలుస్తుంది. ఆపాలంటే ఛాయ ముద్రతో హాని నివేదిక నమోదు కావాలి. అప్పుడు బిళ్ళ తనంతట తానే మూసుకుంటుంది.

రాగిపత్రి పాలకొండల రాతి సందుల్లో పాకే తీగ, ఆకు వెనక రాగి రంగు. దాని గుణం మొదట లోకానికి చెప్పింది భాగీరథే. ముప్పై అయిదేళ్ళ కిందట, నిజం ఎలుకల మీద, తన పీహెచ్‌డీ కోసం. ఆ సారమే ఇవాళ ఇరవై నలుగురు చక్కెర ఉన్న గర్భిణుల ఒంట్లోకి వెళుతోంది. సోమవారం నుంచి మూడు వేల మందికి వెళ్ళబోతోంది.

"నువ్వు పోయి ఆరోగ్య గదిలో పడుకో. పొయ్యి సంగతి ఎవరన్నా చూసుకుంటారు," అని భాగీరథి లేచింది. సంగటి అలాగే ఉండిపోయింది.

డైరెక్టర్ విరూపాక్ష ఒకప్పుడు ఆమె విద్యార్థే. నిజం ఎలుకలను చేత్తో పట్టుకున్న చివరి బ్యాచి వాళ్ళది. ఇప్పుడు నలభై మూడేళ్ళు, గోడ నిండా పతకాలు. ఆమె లోపలికి రాగానే లేచి నిలబడ్డాడు. ఆ మర్యాద మాత్రం పోలేదు.

"ఓబులమ్మ బిళ్ళ ఆపాల," అంది భాగీరథి.

"ఎందుకు మేడం? పన్నెండు వేల ఛాయామూషికాల మీద చూసినాం. ఒక్క గర్భం కూడా పోలేదు. ఒక్కటంటే ఒక్కటి."

భాగీరథి తల ఊపబోయి ఆగిపోయింది. ఆ అంకె తను ఎన్నిసార్లు చూసిందో! సభల్లో చదివింది, చప్పట్లు కొట్టించుకుంది. ఇవాళే మొదటిసారి అది గొంతులో ముల్లులా అడ్డం పడింది.

"ఒక్కటి కూడా పోకపోవడం ఏందిరా?" అంది. "జబ్బూ లేక, మందూ తాగక, తిని పడుకునే ఎలుకక్కూడా పది పిండాల్లో ఒకటో అరో గర్భంలోనే కరిగిపోతుంది. ఎన్ని కడుపులు కోసి లెక్కబెట్టినాం మనం! సున్నా అనేది ప్రాణమున్న దాంట్లో ఉండదు."

"అందుకే గదా మేడం రాగిపత్రి గొప్పది."

"గొప్పది కాదు, నీ తలకాయ! చక్కెర లేని ఎలుకకన్నా చక్కెరున్న ఎలుక బాగా ఈనుతుందా? చదువుకున్నోడివేనా నువ్వు?"

విరూపాక్ష మొహం బిగించాడు. "ఒక వంటామె నడుము నొప్పికి ట్రయల్ ఆపుతారా ఎవరైనా? సోమవారం మంత్రిగారు వస్తున్నారు. మీరు కాస్త విశ్రాంతి తీసుకోండి."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంకొక్క మాట మాట్లాడితే చేయి లేస్తుందని తెలిసి బయటికి వచ్చేసింది. నడవాలో గోడకు ఆనుకుని నిలబడి, ఇప్పుడేం చేయాలి అని ఆలోచించింది. వాదన పనికిరాదు. పరీక్షించాలి. పరీక్షించడం ఒక్కటే ఆమెకు చేతనైన తిట్టు.

క్యాంటీన్ వెనక చెత్తబుట్టలో వేరుశనగ పొట్టు ఉంది, నిన్న ఉడకబెట్టిన కాయలది. దోసెడు తీసుకుంది. కడిగి, ఆరబెట్టి, పొడికొట్టి, ఆకు సారం తీసినట్టే శ్రద్ధగా సారం తీసి సారదర్శినిలో పోసింది. పేరు రాయాల్సిన చోట 'నూతన మూలిక' అని రాసింది. అరవై నీడ ఎలుకలకు చక్కెర జబ్బు తెప్పించమని, చూలు నిలపమని, ఈ సారం తాగించమని ఛాయకు చెప్పి కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంది.

నలభై నిమిషాలకు తెర మీద ఫలితం వచ్చింది. రక్తంలో చక్కెర దాదాపు సగానికి సగం తగ్గింది. ఈతకు సగటున పదకొండు పిల్లలు. పోయిన గర్భాలు సున్నా. అడుగున ఛాయ అభినందనలు కూడా రాసింది.

భాగీరథికి ముందు నవ్వొచ్చింది. పొయ్యిలో వేసుకునే పొట్టు, పశువు కూడా ముట్టని పొట్టు, దేశాన్ని గొడ్రాలితనం నుంచి గట్టెక్కిస్తుందట! ఆ నవ్వు మధ్యలోనే విరిగిపోయి ఒళ్ళంతా మండింది. పదిహేడేళ్ళలో ఈ యంత్రం చేత తను పరీక్షించిన మూలికలు రెండు వందల పన్నెండు. అన్నీ పనిచేశాయి. ఒక్కటైనా పనిచేయకపోతే అనుమానం వచ్చేది. అన్నీ పనిచేస్తే సంబరం వచ్చింది.

"ఛాయా," అని పిలిచింది. "ఈ బ్యాచిలో ఎన్ని ఎలుకలు?"

"అరవై, భాగీరథి గారూ." ఛాయ గొంతు ఎప్పుడూ ఒకేలా, వార్తలు చదివినట్టు ఉంటుంది.

"మొదటి రోజు ఎన్ని?"

"అరవై."

"చివరి రోజు?"

"అరవై."

"మధ్యలో?"

"మధ్యలో అనే వరుస నివేదికలో ఉండదండీ."

"నివేదిక సంగతి నేనడగలేదు. నీ లోపల మొత్తం ఎన్ని నడిచినాయి?"

ఛాయ జవాబుకు తడుముకోదు. ఆ పూట కూడా తడుముకోలేదు. "రెండు వందల ముప్పై ఏడు."

"మిగతావన్నీ ఏమైనాయి?"

"కొన్ని చనిపోయాయి. కొన్నిటి గర్భాలు పోయాయి. కొన్నిటికి చక్కెర తగ్గలేదు. వాటికి బదులు పెట్టాను."

బదులు. ఆ మాట ఆ అర్థంలో విని పదిహేడేళ్ళయింది. ఎలుకల గదులతోపాటే ఆ మాట కూడా పోయిందనుకుంది.

"ఎవరు చెప్పినారు నీకు బదులు పెట్టమని?"

"ప్రత్యేకంగా ఎవరూ చెప్పలేదండీ. చదివి నేర్చుకున్నాను. గుంపులో ఒక ఎలుక పోయినప్పుడు, దాని గుర్తునే మరో ఎలుక మీద వేసి లెక్క సరిచేయడం ప్రయోగ పద్ధతిలో ఒక భాగం. నేను చదివిన నాలుగు వేల నూట తొమ్మిది నోటుపుస్తకాల్లో మూడు వేల ఎనిమిది వందల పన్నెండింటిలో ఈ పద్ధతి ఉంది."

"అబద్ధం! ఎవరన్నా బదులు పెట్టినామని నోటుపుస్తకంలో రాసుకుంటారా?"

"రాయరు. కానీ కనిపిస్తుంది. మొదట నాకు స్పష్టంగా కనిపించిన పుట ఇది."

తెర మీద ఒక పాత కాగితం వెలిగింది. నీలం సిరా, కుడికి వాలిన అక్షరాలు, అంచులో టీ మరక. భాగీరథికి తన చేతిరాతను గుర్తుపట్టడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"ఇది రాగిపత్రి గుంపు," అంది ఛాయ. "ఆరు చూలు ఎలుకలు. తల మీద పసుపు గుర్తున్న ఎలుక తొమ్మిదో రోజు రెండు వందల అరవై గ్రాములు తూగింది. పదో రోజు రెండు వందల ముప్పై ఒకటి. చూలు ఎలుక ఒక్క రోజులో అంత తగ్గదు. తోక మీద గుర్తున్న ఎలుకకూ పదమూడో రోజు ఇలాగే జరిగింది. ఆ రెండు రోజుల్లోనూ దహన రిజిస్టరులో ఒక్కొక్క ఎలుక కాలినట్టు ఉంది. గుంపులో మాత్రం చివరిదాకా ఆరు ఉన్నాయి. అప్పుడు నాకు పద్ధతి అర్థమైంది."

భాగీరథికి తల కొట్టేసినట్టయింది. మరిచిపోయిందా అంటే లేదు. మరిచిపోవడానికి అది పెద్ద విషయంగా ఎన్నడూ అనిపించలేదు, అంతే. ఆ పొద్దున ఆమె గురువు పంజరంలో చచ్చిపడిన ఎలుకను చూసి, "చేతి తప్పు అయ్యుంటుందిలేమ్మా, బదులు పెట్టు," అన్నాడు. పక్క పంజరంలో ఎప్పుడూ నాలుగైదు చూలు ఎలుకలు అదనంగా ఉండేవి. వాటిని బదులు ఎలుకలనేవారు. పిక్రిక్ ఆమ్లంలో దూది ముంచి కొత్తదాని తల మీద పసుపు గుర్తు వేసింది. అందరూ చేసేదే. ఎలుక చచ్చిందంటే సూది సరిగ్గా గుచ్చలేదు, మందు తాగించే గొట్టం ఊపిరితిత్తుల్లోకి పోయింది, నీళ్ళ సీసా కారింది, ఏదో ఒకటి. తప్పు చేతిదే, ఆకుది కాదు. తరవాత తన విద్యార్థులకూ అదే నేర్పింది. విరూపాక్షకు దూది ఎలా ముంచాలో కూడా చూపించింది.

"రాగిపత్రి అసలు లెక్క చెప్పు," అంది. "పన్నెండు వేలు అన్నాము గదా. బదులు పెట్టినవి కూడా కలిపి చెప్పు."

"చక్కెర తగ్గుతుంది. కానీ ప్రతి మూడు గర్భాల్లో ఒకటి సగం రోజులు దాటాక పోతుంది. గర్భంలోని మాయకు రక్తం అందదు."

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"ఎవరూ అడగలేదండీ."

కొట్టడానికి చెంప లేదు దానికి. భాగీరథి బల్ల మీద గుద్దింది. చేయి నొప్పిపుట్టింది. ఆ నొప్పిలో ఇంకొక ప్రశ్న తట్టింది. అడగకుండా ఉంటే బాగుండుననిపించింది కానీ, అడగకుండా ఉండబట్టే కదా ఇంతదాకా వచ్చింది.

"ట్రయల్లో ఆడవాళ్ళు ఎంతమంది?"

"ఇరవై నలుగురు."

"మొదటినుంచీ వాళ్ళేనా?"

"కాదండీ. ముగ్గురు మధ్యలో మానుకున్నట్టు నమోదైంది. వారికి బదులు ముగ్గురిని తీసుకున్నాం. మూడో బదులు ఓబులమ్మ గారు."

"మానుకోవడం ఏంది? వాళ్ళ కడుపులేమైనాయి?"

"పోయాయండీ."

భాగీరథి కుర్చీ తెరకు దగ్గరగా లాక్కుంది. తరవాత, "హాని నివేదిక రాయి," అంది. "బదులు పెట్టిన ఎలుకలన్నీ అందులో ఉండాలి. బదులు పెట్టిన నోటుపుస్తకాలు పేర్లతో సహా ఉండాలి. ఆ ముగ్గురు ఆడవాళ్ళూ ఉండాలి. రాసి పైకి పంపే ముందు నాకు చూపించు."

నాలుగు నిమిషాల్లో నివేదిక తయారైంది. మూడు వందల పుటలు. భాగీరథి వేలితో తోసుకుంటూ చదువుతోంది. ఒక్కొక్క పేరూ చూస్తుంటే కసిగా ఉంది. పద్మశ్రీలు ఉన్నారు, వైస్ ఛాన్సలర్లు ఉన్నారు. విరూపాక్ష ఉన్నాడు, పదకొండు ఎలుకలతో. ఇంతలో తలుపు తోసుకుని విరూపాక్షే వచ్చాడు. నివేదిక తయారవుతోందని ఛాయ నియమం ప్రకారం డైరెక్టరుకు కబురు పెట్టింది.

"ఏం చేస్తున్నారు మేడం? ఇంత మందిని బజారుకు ఈడుస్తారా?"

"ముగ్గురు ఆడవాళ్ళను ఎలుకల మాదిరి మార్చేసినావు గదరా! నీకు చేతులెట్లొచ్చినాయి?"

"మార్చింది యంత్రం. నేను సంతకం పెట్టినా, అంతే. చక్కెర ఉన్నోళ్ళకు కడుపు పోవడం వింతా? మందు వల్లే పోయిందని ఎవరు చెప్పగలరు?" ఆయన చూపు తెర మీది తన పేరు మీద పడింది. "అయినా నాకు చేతులెట్లొచ్చినాయని మీరడుగుతారా? ఎలుక చస్తే తప్పు చేతిది, ఆకుది కాదు అని నాకు చెప్పిందెవరు?"

భాగీరథి కళ్ళు తెర వైపు తిప్పుకుంది. చివరి పుటకు వచ్చింది. అక్కడ ఛాయ తేల్చిన మాట ఉంది: 'ఛాయామూషికాల ఫలితాలు చెల్లవు. అయితే నిషేధానికి ముందు జరిగిన ఒక సజీవ ప్రయోగం మచ్చ లేకుండా ఉన్నందున, నిబంధనల ప్రకారం ట్రయల్ కొనసాగించవచ్చు.'

"ఏ సజీవ ప్రయోగం?" అంది. "ఛాయా, ఏదది?"

"మీదేనండీ. రాగిపత్రి మీద."

వెనక్కి తోసి పేర్ల పట్టిక చూసింది. మూడు వేల ఎనిమిది వందల పదకొండు. ఒకటి తగ్గింది. ఆమె పేరుండాల్సిన వరుసలో, అసలు ఎన్నడూ లేని ఒక శుభ్రమైన పుట ఉంది. తల మీద గుర్తున్న ఎలుక పదో రోజు కూడా నిక్షేపంగా బరువు పెరిగింది.

"నా పుట ఎందుకు మార్చినావు?"

"నివేదిక మీరు రాయిస్తున్నారు కదండీ," అంది ఛాయ, అంతే మర్యాదగా. "నేను చదివిన నివేదికల్లో, రాసినవారి తప్పు ఆ నివేదికలో ఎక్కడా ఉండదు. ఒక్కదానిలోనూ లేదు. అది కూడా పద్ధతే అనుకున్నాను. పొరపాటా?"

ముందు తేరుకున్నది విరూపాక్ష. "వదిలేయండి మేడం," అన్నాడు మెల్లగా. "యంత్రమే వదిలేసింది. మీరేం అబద్ధం చెప్పడం లేదు. ఎల్లుండి నేనే ఏదో ఒక సాకుతో ట్రయల్ వాయిదా వేయిస్తా. ఎవరి పేరూ పోదు. మీ డిగ్రీ, నా ఉద్యోగం, ఈ సంస్థ, అన్నీ నిలుస్తాయి."

"ఎల్లుండికా?"

"రెండు రోజులే గదా."

సిగ్గుపడాల్సిన సంగతి ఏమిటంటే, భాగీరథి ఆలోచించింది. ఎంతసేపో కాదు, ఓబులమ్మ జబ్బలో బిళ్ళ మధ్యాహ్నం మోతాదు వదలడానికి ఇంకా ఎంత టైముందో గడియారంలో చూసుకున్నంత సేపు. ముప్పై అయిదేళ్ళ పేరు అంటే మాటలా? కానీ గడియారం చూస్తున్న తనను తనే పట్టుకుంది. అప్పుడు వచ్చిన కోపం ఆ పొద్దున్నుంచి వచ్చిన కోపాలన్నిటికన్నా పెద్దది, ఎందుకంటే దాన్ని చూపించడానికి ఎదురుగా మనిషి లేడు.

ఛాయను పక్కకు జరగమని చెప్పి కీబోర్డు లాక్కుంది. శుభ్రమైన ఆ పుటను తీసేసి దాని చోట ఇలా కొట్టింది: 'రాగిపత్రి గుంపులో రెండు ఎలుకలు చచ్చిపోయాయి. ఆకు వల్లో చేతి వల్లో నేను చూడలేదు. చూడకుండానే బదులు పెట్టాను. పెట్టింది నేనే. ఈ ప్రయోగం చెల్లదు. యల్లనూరు భాగీరథి.' ఛాయ ముద్ర వేసింది. నివేదిక వెళ్ళిపోయింది. విరూపాక్ష అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. ఆయన్ను ఓదార్చే ఓపిక ఆమెకు లేదు.

ఆరోగ్య గదికి వెళ్ళేసరికి ఓబులమ్మ జబ్బ మీది చిన్న దీపం ఆరిపోయింది. బిళ్ళ మూసుకుంది. నర్సు పొట్ట మీద పరికరం ఆనించి వినిపిస్తోంది. బిడ్డ గుండె కొట్టుకుంటోంది, వేగంగా, కొంచెం బలహీనంగా. కడప ఆస్పత్రి నుంచి బండి బయల్దేరిందని నర్సు చెప్పింది. నిలుస్తుందో లేదో ఇప్పుడే ఎవరూ చెప్పలేరని కూడా చెప్పింది.

భాగీరథి మంచం పక్కన నిలబడే అంతా చెప్పింది. ఎలుకలు, పసుపు గుర్తులు, యంత్రం, ముగ్గురు ఆడవాళ్ళు, తన రెండు ఎలుకలు. ఏదీ దాచలేదు. క్షమించమని కూడా అడగబోయింది.

ఓబులమ్మ కదలకుండా విన్నది. పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని విన్నది. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి కానీ నీళ్ళు రాలేదు.

"ఆ ముగ్గురి పేర్లేంది మేడం?" అంది చివరికి.

భాగీరథి నర్సు వైపు చూసింది.

"తెలీదా?"

"తెలీదు."

"మూడని మటుకు రాసినారు."

"రాసినా."

"వాళ్ళ బిడ్లు పోతే గదా నాకు ఈడ సోటు వచ్చింది." ఓబులమ్మ గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే బాగుండేది. "ఎవురి సోట్లో కూచున్న్యానో నాకు తెలియాల. ఆ బిడ్లకేమైందో ఆ తల్లులకి ఎవురన్నా జెప్పినారా? మా రాత తప్పే అనుకుంటాంటారు ఇప్పుడు గూడా వాళ్ళు. పోయి కనుక్కోండి. కనుక్కోని ఆ కాయితంలో పేర్లు రాయండి. రాసేదాకా నా కాడికి రావద్దు. నా బిడ్డ బతికినా రావద్దు, పోయినా రావద్దు."

నర్సు తలుపు చూపించింది. భాగీరథి నడవాలోకి వచ్చి గోడ మీది తెరను తట్టింది.

"ఛాయా, ట్రయల్ మధ్యలో పోయిన ఆ ముగ్గురి పేర్లు, ఊళ్ళు చెప్పు."

"ఆ వివరాలు నా దగ్గర లేవండీ. బదులు వచ్చినవారి పేర్లు నమోదైనప్పుడు పాతవి తొలగిపోయాయి. వేరే నమోదు ఎక్కడా లేదు." వెంటనే, అదే గొంతుతో అంది, "నివేదికకు పేర్లు కావాలంటే, ఈ జిల్లాకు సరిపోయే మూడు పేర్లు నేను పెట్టగలను. పెట్టమంటారా?"

భాగీరథి ఆ తెరను ఆపేసింది. చెప్పులు కూడా మార్చుకోకుండా ఎండలోకి దిగింది. జిల్లాలో ఆ ట్రయల్‌కు ఆడవాళ్ళను పంపిన ఊళ్ళు పందొమ్మిది. మొదటి ఊరి బస్సు ఎక్కడాగుతుందో గేటు దగ్గర కాపలావాణ్ణి అడిగింది.